గోదాం కాదు, ఇల్లు

స్కూలు బస్సు నడుపుతుంది కాబట్టి పిల్లలు ఆమెను బస్సక్క అనేవారు. పోను పోను ఇంట్లోవాళ్ళ నోటా అదే నానింది. పెళ్ళి కాలేదు. ఉన్నంతకాలం తల్లిని ఆమే చూసుకుంది. తల్లి పోయాక ఆ ఇంట్లో మిగిలింది ఒక్కతే అని పేరు గానీ, అన్నయ్య నాలుగు రోజులు నడిచి వదిలేసిన ట్రెడ్‌మిల్లు, చెల్లెలి పిల్లల తొట్టిమంచం, కాళ్ళూడిన సోఫాలు, విప్పని అట్టపెట్టెలు అన్నీ ఆమెతోపాటే కాపురం ఉన్నాయి. "నీకేం, ఒంటిదానివి, బోలెడు చోటు" అన్న ఒక్క మాట మీద వచ్చి తిష్ట వేసినవే అవన్నీ.

ఈస్టరుకు ముందు నలభై రోజుల శ్రమల కాలం మొదలైంది. ఆ దినాల్లో కొందరు మాంసం మానేస్తారు, కొందరు టీవీ కట్టేస్తారు. బస్సక్క మాత్రం రోజూ బస్సు తీసేముందు మోకాళ్ళ మీద ప్రార్థన చేయాలనుకుంది. మొదటి పొద్దునే మోకాలు ట్రెడ్‌మిల్లుకి కొట్టుకుని కళ్ళు బైర్లు కమ్మాయి. పక్కకు జరిగితే తొట్టిమంచం, వెనక్కి జరిగితే సోఫా.

"ప్రభువా, నా ఇంట్లో నీ ముందు మోకరించడానికి నాకే చోటు లేదు" అంది. ఏడుపు రావలసిన చోట కోపం వచ్చింది. కొన్ని రోజులు ఆ కోపంతోనే, సందు చేసుకుని ప్రార్థించింది. ఒక పొద్దున ఆమేన్ అని లేచి, ఫోను తీసి అన్నయ్యకీ చెల్లెలికీ మెసేజి పెట్టింది.

"శనివారంలోగా ఎవరి సామాన్లు వాళ్ళు పట్టుకెళ్ళండి. లేకపోతే కావలసినవాళ్ళకి ఇచ్చేస్తా."

శుక్రవారం సాయంత్రం అన్నయ్య పాస్టరుగారిని వెంటబెట్టుకొచ్చాడు. కూర్చోడానికి చోటు లేక ఆయన గుమ్మంలోనే నిలబడిపోయారు.

"కుటుంబం అన్నాక సర్దుకుపోవాలమ్మా" అన్నారు మెల్లగా.

"ఇన్నాళ్ళూ సర్దుకుపోయానయ్యగారూ. ఇంక సర్దుదామన్నా చోటు లేదు."

ఆయనకు నవ్వు ఆగలేదు. అన్నయ్యకు మాత్రం ఒళ్ళు మండింది. "సామాన్ల సంగతి కాదిది. నువ్వు మనసులో ఏదో పెట్టుకున్నావ్!"

"పెట్టుకున్నాను. ఉండు, తెస్తా."

లోపలి గదిలోంచి, ఎన్నడూ తొడగని తన తెల్లటి పెళ్ళిగౌను తెచ్చి ట్రెడ్‌మిల్లు మీద పరిచింది. అన్నయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. అమ్మ మంచం పట్టిన ఏడు, ఆమెను అడగకుండానే పెళ్ళివారింటికి వెళ్ళి కుదిరిన సంబంధం వద్దని చెప్పి వచ్చింది అతనే.

"జ్ఞాపకమని దాచుకున్నాననుకున్నా. కాదన్నయ్యా. నీ మీద కోపం చల్లారినప్పుడల్లా తీసి చూసుకునేదాన్ని, మళ్ళీ రాజేసుకోడానికి. నీ మీద కేసు నడుపుతూనే ఉన్నా. సాక్షినీ నేనే, జడ్జీనీ నేనే. మోకాళ్ళ మీద ఇన్ని రోజులు గింజుకుని, ఇవాళ పొద్దున ఆ కేసు కొట్టేశా. నువ్వు చేసింది తప్పే. కానీ క్షమించాను."

అన్నయ్య అక్కడే చతికిలబడ్డాడు. "అమ్మనెవరు చూస్తారని భయపడ్డానే. నిన్నొక్కమాట అడగాల్సింది" అన్నాడు. బస్సక్క అతని భుజం మీద చెయ్యి వేసింది. అన్నయ్య ముక్కు చీదుకుని, ఆశగా చూశాడు.

"క్షమించేశావుగా. మరి ఇవి ఇక్కడే ఉండనీ."

"క్షమించింది నిన్ను. ట్రెడ్‌మిల్లుని కాదు."

మర్నాడు వ్యాను తెచ్చి తనవన్నీ మోసుకుపోయాడు. బస్సక్క గౌను దర్జీకిచ్చి, ఏ పెళ్ళికూతురికి సరిపోతే ఆ అమ్మాయికి ఇమ్మంది. చెల్లెలు రాలేదు. తొట్టిమంచం ఎదురింటి బాలింతకు చేరింది. దాంతో చెల్లెలు మాట్లాడటం మానేసింది. చుట్టాలంతా బస్సక్కకు పొగరెక్కిందన్నారు. అననీ అనుకుంది.

ఆదివారం ఆరాధన అయ్యాక చెల్లెలు మొహం తిప్పుకుని పోతుంటే బస్సక్కే వెళ్ళి చెయ్యి పట్టుకుంది.

"భోజనానికి రా. పిల్లల్ని కూడా తీసుకురా."

చెల్లెలు కాసేపు బిగుసుకుని, చివరికి మెత్తబడింది. "సరే వస్తాం. అక్కా, మరి... మా పాత ఫ్రిజ్ ఒక్కటి..."

"మీరు రండి చాలు" అంది బస్సక్క, చెయ్యి వదలకుండానే. "ఫ్రిజ్ గుమ్మం దాటదు."