కూకో చెయ్యెత్తితే

వెండి పోయి ఎండ మిగిలిన ఊరు సాన్ మాతియాస్. స్పెయిన్ దొరలు కొండ కడుపు ఖాళీ చేసి పోయాక గనులు మూతపడ్డాయి గాని, ఘనులు రావడం మాత్రం ఆగలేదు. ఎంత ఘనుడైనా కొండను తొలిచిన పాత సొరంగంలోంచే ఊళ్లోకి పోవాలి. అందులో ఒక్క బండికే చోటు. ఇటు కొసన కూకో, అటు కొసన అతని బావ త్రీని, మధ్యన టెలిఫోను తీగ. ఒకరు బండ్లు వదిలితే రెండోవారు చెయ్యి అడ్డం పెడతారు. కూకో ఉద్యోగమల్లా కూర్చోవడం, లేచి చెయ్యెత్తడం.

ఆ ఉద్యోగానికే ఇవాళ గండం. మెక్సికో నగరం నుంచి పర్యాటక సలహాదారు ఒలవర్రియేతా దిగాడు. చదువుకున్నవాణ్ణి అక్కడ లిసెన్సియాదో అంటారు. ఈయనకు బండి నడపడానికీ, ఎదుటివాణ్ణి తీసిపారెయ్యడానికీ ఒకటే లైసెన్సు. వెండిరంగు కొత్త కారు, వెనక సీట్లో మేయరమ్మ ఎర్మిలా. ఆవిడ ఇవాళ సంతకం పెడితే సొరంగానికి రెండు కొసలా సిగ్నల్ దీపాలొస్తాయి, బావాబావమరుదులు ఇంటికి పోతారు.

కూకో చెయ్యెత్తాడు.

"కొంచెం ఆగండి లిసెన్సియాదో గారూ. అటునుంచి త్రీని వదిలేశాడు. పెళ్లివారు, బ్యాండుతో సహా వస్తున్నారు."

"నేను చరిత్ర చూడ్డానికొచ్చానయ్యా, నీ చంక చూడ్డానికి కాదు. చూశారా మేడమ్, దీపాలు ఇందుకే."

"ఆగుదామేమో..." అని మేయరమ్మ నసిగింది. ఊరికి రావాల్సిన గ్రాంటు ఆయన చేతిలో ఉంది మరి. అంతకంటే గట్టిగా నసగలేకపోయింది.

కారు దూసుకుపోయింది. కూకో ఫోను తీశాడు.

"బావా, దీపాలాయన లోపలికొచ్చాడు."

"చెయ్యెత్తలేదా నువ్వు?"

"ఎత్తాను. చంక బాలేదన్నాడు."

త్రీని కాసేపు నవ్వాడు. "ముందు ట్రక్కులో బాకా ఊదేవాడే ఉన్నాడు. వింటూ ఉండు."

ముందు బాకా ఆగింది. తర్వాత హారన్లు. తర్వాత తిట్లు, తాతలు గనిలో వాడిన అసలు సిసలు తిట్లు. వరస తప్పి వచ్చినవాడే వెనక్కి పోవాలని సొరంగం చట్టం. మళ్లీ బాకా మొదలైంది, ఈసారి అంతకంతకూ దగ్గరవుతూ.

కారు వీపు ముందు బయటపడింది. పక్క అద్దాలు రెండూ లేవు, పక్కల రంగూ లేదు. బాకావాడు దాని ముక్కుమీదకి వంగి మరీ ఊదుతున్నాడు.

"దీపాలుంటే ఇలా జరిగేదా?" అన్నాడు లిసెన్సియాదో, దిగుతూనే.

"చెయ్యి చూసే ఆగలేదు. దీపం చూసి ఆగుతారా?" అన్నాడు కూకో.

మేయరమ్మ దుమ్ము దులుపుకుని వచ్చి కూకో స్టూలు మీద కూలబడింది.

"వెనక్కొస్తుంటే నా సీటే ముందు సీటయిందండీ. చూడాల్సినవన్నీ చూశాను. సంతకం పెట్టను."

"గ్రాంటు పోతుంది మేడమ్."

"పోనివ్వండి. ప్రాణం మిగిలింది."

పెళ్లివారు వెళ్లిపోయారు. లిసెన్సియాదో మళ్లీ కారెక్కాడు గాని, కూకో చెయ్యి దిగేదాకా ఇంజను కూడా స్టార్టు చెయ్యలేదు. కూకో కూడా ఏమంత తొందరపడలేదు.

సొరంగం గోడలమీద ఇప్పటికీ పొడుగాటి వెండిగీతలున్నాయి. ఆ కొండనుంచి వెండి పట్టుకుపోయినవాళ్లే గాని, తెచ్చి అంటించిపోయిన ఘనుడు ఈ లిసెన్సియాదో ఒక్కడే.