ఉప్పుకుండలో ఫోను

కౌంటరు మీద పెట్టిన ఫోను మూడోసారి ఆరిపోయి, మూడోసారి తనంతట తానే వెలిగింది.

"ఇదే మేడం దీని రోగం," అన్నాడు తెచ్చిన మనిషి. "ఆరిపోద్ది, ఎలుగుద్ది. మల్లీ ఆరిపోద్ది. దీన్ని ఆపీసి ఇవ్వండి."

"ఆపడమా, బాగుచేయడమా?" అంది నిస్సీ.

"లోపలున్నదంతా తుడిసెయ్యండి. కొట్లో కొన్నప్పుడు ఎలగుందో అలగైపోవాల."

నిస్సీ టెక్కలి బస్టాండు వెనక సందులో పదేళ్ళుగా ఫోన్లు బాగుచేస్తోంది. అంతకు ముందు అదే కొట్లో వాళ్ళ నాన్న జెకర్యా రేడియోలు బాగుచేసేవాడు. అంతా తుడిచేయమని అడిగేవాళ్ళు ఆమెకి కొత్త కాదు. ఫోను అమ్ముకునేవాళ్ళు అడుగుతారు, దాచుకునేది ఉన్నవాళ్ళు అడుగుతారు. ఈ మనిషి పేరు ప్రకాష్, ఊరు భావనపాడు, చేసేది చేపల వేట. స్టూలు చూపించినా కూర్చోలేదు. కరిచే కుక్కని కనిపెట్టినట్టు ఫోనునే కనిపెడుతూ నిలబడ్డాడు.

"ఎవరిదీ ఫోను?"

"మా బావది. అప్పన్న." గొంతు సవరించుకున్నాడు. "పదకొండు రోజులైంది. కెరటం కొట్టీసింది. నాను ఇంజను కాడున్నాను. ఎనక్కి తిరిగి సూసేసరికి మనిషి లేడు. తెప్పలో నీళ్ళెక్కీసి, ఆ నీళ్ళలో ఈ ఫోను నానతంది. ఊరి తెప్పలన్నీ కళింగపట్నం వైపెల్లి ఎతికినా దొరకలేదు."

"అయ్యో," అంది నిస్సీ. పని గురించి అడగక తప్పదు కనక అడిగింది. "బియ్యంలో పెట్టారా?"

తడిసిన ప్రతి ఫోనూ బియ్యం డబ్బాలోంచే ఆమె దగ్గరికొస్తుంది. ప్రకాష్ తల అడ్డంగా ఊపాడు.

"ఉప్పులో."

"ఉప్పులోనా?"

"మా అప్ప ఎట్టింది. బావ పెళ్ళాం, సన్యాసమ్మ. ఎండుసేపలు అమ్ముతాది. సేపలో నీరు లాగెయ్యాలంటే ఉప్పే కదేటి మరి? నౌపడ ఉప్పు కుండలో కూరీసి మూత ఎట్టింది. మూడో రోజున తీసి నొక్కితే ఎలిగింది. ఎలిగినకాడి నుంచీ ఇదే తంతు. ఇంకా తడి ఉండిపోనాదని మల్లీ కుండలోనే ఎట్టీసింది. సార్జింగు వైరు కూడా కుండలోకే. ఎనిమిది రోజుల బట్టి అలగే ఉంది."

ఉప్పుకుండ మూత కింద నుంచి చార్జరు వైరు బయటికి వచ్చి గోడలోకి పోవడం నిస్సీ కళ్ళకి కట్టింది. ఇంకెప్పుడైనా అయితే నవ్వేది.

ఫోను నాలుగోసారి వెలిగింది. వెలిగి, గజగజ వణికింది. రెండు సెకన్లలో ప్రకాష్ చొక్కా జేబులో మెసేజి మోగింది. అతను ఫోను తీయలేదు. తీసి చూడక్కర్లేదన్నట్టు కళ్ళు మూసుకున్నాడు. నిస్సీ చెయ్యి చాపితే అప్పుడు తీసి ఇచ్చాడు.

పంపినవారు: బావ. 'నేను ఆపదలో ఉన్నాను. సాయం కావాలి. నేను ఉన్న చోటు ఇది.' కింద చిన్న పటం. పైకి జరిపింది. అదే మాట. ఇంకా పైకి జరిపింది. అదే మాట.

"నూటనలభై పైన వచ్చినాయి," అన్నాడు ప్రకాష్. "బువ్వకి కూకుంటే వస్తాది. వలెత్తితే వస్తాది. మా అప్పకున్న బటన్ల ఫోనుకీ వస్తన్నాయి. దానికి సదువు రాదు, పక్కింటి పిల్ల సదివి సెప్పీసింది. ఆ రోజు నుంచీ 'మీ బావ పిలుత్తన్నాడు, నాను బొట్టు తియ్యను' అని కూకుంది. రేపు పెద్దలొచ్చి కార్యం సేత్తామంటన్నారు. ఇది మోగుతున్నన్నాళ్ళూ అది వొప్పదు."

"ఇందులో ఎస్‌ఓఎస్ ఎవరు పెట్టారు? ఆపదలో ఉంటే మెసేజి పోయేట్టు?"

"నానే. కొన్న రోజునే ఎట్టినాను. సముద్రం మీద పనికొస్తాదని."

నిస్సీ ఫోను పక్కకి తిప్పి, గోటితో బటను మీద తట్టింది. కరకరమంది. "దయ్యం కాదు, భయపడకు. ఈ పవర్ బటన్ గబగబా అయిదుసార్లు నొక్కితే ఆ మెసేజి పోతుంది. అదే బటన్ అదిమిపెట్టి ఉంచితే ఫోను ఆరి మళ్ళీ వెలుగుతుంది. లోపలికి ఉప్పు దిగిపోయింది. అది చెమ్మ పీల్చినప్పుడల్లా ఎవరో వేలు పెట్టి నొక్కినట్టే. నొక్కుతున్నది ఉప్పు."

"ఉప్పా!" ప్రకాష్ నవ్వాడు. నవ్వి ఊరుకోవాల్సిన చోట ఊరుకోలేదు, ఇంకా నవ్వాడు. కళ్ళు తుడుచుకుని, "అయినా తుడిసెయ్యండి మేడం. గంటలో వత్తాను. మా అప్పకి తెలీకుండా తెచ్చీసినాను," అని సందు దాటి పోయాడు.

నిస్సీ ఫోను వెనక పలక తీసింది. గుప్పుమని ఎండుచేప వాసన కొట్టింది. బటన్ ఉండే సన్నటి పట్టీ తెల్లటి పొరతో గడ్డకట్టి ఉంది. దాన్ని ఊడదీసి కాగితం మీద పెట్టింది. బోర్డు మీద స్పిరిట్ వేసి బ్రష్షుతో గీకింది. బటన్ లేకుండా ఫోను వెలిగించడానికి మెకానిక్కులందరికీ తెలిసిన కిటుకొకటుంది. బోర్డు మీద రెండు చుక్కలుంటాయి. చిమటా అనే చిన్న పట్టకారుతో ఆ రెంటినీ తాకిస్తే, బటన్ నొక్కినట్టే. తాకించింది. ఫోను వెలిగింది. పది నిమిషాలు చూసింది. ఆరలేదు, వణకలేదు. కుదురుగా ఉంది.

ఇక తుడిచేయడమే మిగిలింది. కానీ చనిపోయినవాళ్ళ ఫోను తుడిచే ముందు నిస్సీ ఫొటోలు ఒకసారి విడిగా ఎక్కించి ఉంచుతుంది. నెల పోయాక ఎవరో ఒకరు వచ్చి, ఒక్క ఫొటో ఉంటే ఇవ్వమని ఏడుస్తారు. అందుకని ఫైళ్ళు తెరిచింది.

ఫొటోలు పది కూడా లేవు. ఆడియోలు మాత్రం నూటనలభై మూడున్నాయి. ఒక్కొక్కటీ అయిదు సెకన్లు.

ఆమెకి వెంటనే అర్థమైంది. ఆపద మెసేజి పోయినప్పుడల్లా ఫోను చుట్టుపక్కల చప్పుడు అయిదు సెకన్లు రికార్డు చేసి దానితో పంపిస్తుంది. అప్పన్న నెట్ గడువు అయిపోయింది. అక్షరాలు వెళ్ళాయి, చప్పుళ్ళు ఫోన్లోనే ఉండిపోయాయి. ఎనిమిది రోజుల పాటు ఆ ఉప్పుకుండ ఆ ఇంటిని వింటూ కూర్చుంది.

హెడ్‌ఫోను పెట్టుకుంది. మొదటిది, ఉప్పు గరగర. రెండోది, గరగర వెనక కోడి అరుపు. ఇంకోటి, ఆడమనిషి చింతపండు గురించి ఎవరితోనో దెబ్బలాట. ఇంకోటి, అదే గొంతు ఒంటరిగా, మూలుగులా. నిస్సీ గబగబా దాటవేస్తూ పోయింది. తొంభై దాటాక వేలు ఆగిపోయింది.

మగ గొంతు. కుండ మూతకి నోరు ఆనించి మాట్లాడినంత దగ్గర.

"బావా... నానే. అప్ప సంతకెల్లింది. ఇంకాపీ బావా. నీకు దణ్ణం ఎడతాను..."

అయిదు సెకన్లు అయిపోయాయి. తర్వాతది రెండు నిమిషాల తర్వాత రికార్డయింది.

"...వల రాయికి పట్టీసింది. తాడు నీ కాలికి సుట్టీసుకుంది. తెప్ప ముక్కు దిగిపోతంది, నాను..."

తర్వాతది.

"...కొయ్యకపోతే నానూ పోదును. ఇద్దరమూ పోదుం. నువ్వు సూస్తానే ఉన్నావు బావా, నాను కోస్తంటే..."

తర్వాతది ఏడుపు. ఆ తర్వాతది, "నన్నేటి సెయ్యమంటావు? సెప్పు! ఏటి సెయ్యమంటావు!"

దాని తర్వాతదానిలో ఎవరూ మాట్లాడలేదు. నీళ్ళ చప్పుడుంది. ఒడ్డున వినపడే కెరటం కాదు. పైన ఎంతో లోతు ఉన్నప్పుడు వినపడే, మందంగా కదిలే నీరు. నిస్సీ మళ్ళీ వింది. మిగతా అన్నిట్లో ఉప్పు గరగర ఉంది. ఇందులో లేదు. కోళ్ళు లేవు, ఇల్లు లేదు. అయిదు సెకన్లూ నీరే.

హెడ్‌ఫోను తీసేసింది. బయట పలాస బస్సు హారను కొడుతోంది. ఆ మోతకి ఆమెకి ప్రాణం కొంచెం లేచి వచ్చింది.

తుడిచేయమన్నవాడు ప్రకాష్. ఫోను అతని బావది, అంటే ఇప్పుడు సన్యాసమ్మది. ఒక్క వేలు పెడితే ఆ మనిషి ఎలా పోయాడో ఇక ఎప్పటికీ ఎవరికీ తెలియదు. రేపు ఆవిడ బొట్టు తీసేస్తారు, కెరటం కొట్టేసిందనుకుంటూ బతికేస్తుంది. నిస్సీ వేలు పెట్టలేదు.

"పాపా! ఫోన్లు బాగుసేసేది నువ్వేనా?"

గుమ్మంలో యాభయ్యేళ్ళ మనిషి. చీర కుచ్చెళ్ళు ఎగదోపి ఉంది, నుదుట రూపాయంత బొట్టు. చేతిలో చిన్న బటన్ల ఫోను. "కుండలో సెయ్యెడితే ఫోను లేదు. ఆటో వోడు సెప్పినాడు, మీ తమ్ముడు టెక్కలెల్లినాడని. మూడు కొట్లు తిరిగొచ్చాను. నువ్వు దాన్ని బాగు మాత్రం సెయ్యకు తల్లీ. బాగుసేత్తే ఆయన ఇంక పిలవడు."

అంతలో ప్రకాష్ సందు మలుపు తిరిగి వచ్చాడు. అక్కని చూసి ఆగిపోయాడు.

"ఒరే, నాతో ఒక్క ముక్క సెప్పకుండా కుండ ఖాళీ సేసీసినావేటిరా?"

"అప్పా, అది బావ కాదే. ఉప్పంట. బటన్లోకి ఉప్పు దిగిపోనాదంట. మేడంనే అడుగు."

"ఉప్పైతే నువ్వెందుకురా బువ్వ మానీసినావు?"

ప్రకాష్ ఆ మాట విననట్టు నిస్సీ వైపు తిరిగాడు. "తుడిసీసినారా మేడం?"

"బటన్ తీసేశాను. ఇదిగో." కాగితం మీద పట్టీని ముందుకి జరిపింది. "ఇంక మెసేజీలు రావు."

"మిగతాది కూడా తుడిసెయ్యండి. ఇప్పుడే."

రికార్డు వినిపించడం ఒక్క క్షణం పని. కానీ మొగుడు ఎలా పోయాడన్నది ఆవిడ ముక్కూమొహం తెలియని కొట్లో, ఒక డబ్బాలోంచి వినాలా? చెప్పాల్సిన నోరు ఎదురుగానే ఉంది. నిస్సీ మూత తీసిన ఫోనుని కౌంటరు కిందకి దించుకుంది. చిమటా తీసుకుంది. బోర్డు మీది రెండు చుక్కల్నీ గబగబా తాకించింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు.

ఫోను వణికింది. సన్యాసమ్మ చేతిలో మోగింది. ప్రకాష్ జేబులో మోగింది.

ప్రకాష్ కాగితం మీద ఉన్న బటన్ వంక చూశాడు. "అది ఇక్కడుంది కదా," అన్నాడు, ఎవరితోనో తెలియకుండా. "అది ఊడదీసి ఇక్కడ ఎట్టీసినారు కదా..."

నిస్సీ ఫోనునీ చిమటానీ పైకి తీసి కౌంటరు మీద పెట్టింది. రెండు చేతులూ గాజుపలక మీద ఆనించింది. వృత్తిలో ఇంతవరకూ ఎవరినీ ఇలా మోసం చేయలేదు. మాట తిన్నగా అడిగేద్దామని నోరు తెరిచింది.

ఫోను మళ్ళీ వణికింది. రెండు ఫోన్లూ మళ్ళీ మోగాయి.

నిస్సీ చేతులు గాజుపలక మీదే ఉన్నాయి. చిమటా జానెడు దూరంలో పడి ఉంది. బోర్డు మీద రెండు చుక్కలూ పొడిగా, విడివిడిగా మెరుస్తున్నాయి. 

ప్రకాష్ జేబులోంచి ఫోను తీసి చూసుకున్నాడు. చూసి, గోడ వెంట జారి కిందకి కూలబడ్డాడు. ఫోను అతని చేతిలోంచి నిస్సీ తీసుకుంది. కుండలోంచి వచ్చిన మెసేజీలన్నిట్లోనూ పటం మీద గుర్తు భావనపాడులో ఇంటి మీద ఉంది. ఈ కొట్లోంచి పోయినవాటిలో టెక్కలి బస్టాండు పక్కన ఉంది. ఈ ఆఖరి దానిలో ఊరు లేదు, ఒడ్డు లేదు. అంతా నీలం. నీలం మధ్యలో గుర్తు.

"ఒక్కోసారి పాత చోటు చూపిస్తుంది," అంది నిస్సీ. "ఫోను చాలాసేపు ఆరి వెలిగినప్పుడు..." ఎవరూ వినలేదు. తనకే నమ్మకం లేక మధ్యలో ఆపేసింది.

"అదే సోటు," అన్నాడు ప్రకాష్ నేల వంక చూస్తూ. "అక్కడే అప్పా. కెరటం కాదు. వల రాయికి పట్టీసింది. తాడు బావ కాలికి సుట్టీసుకుని మనిషి నీళ్ళలోకెల్లిపోనాడు. తెప్ప ముక్కు ములిగిపోతంది. నాను తాడు కోసీసినాను."

సన్యాసమ్మ ఏడవలేదు. తమ్ముడి ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"ఆయన ఏటన్నాడు?"

"ఏటీ అన్లేదు. సెయ్యి పైకెత్తినాడు."

"వొద్దనా, కొయ్యమనా?"

"తెల్దు అప్పా." ప్రకాష్ మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు. "పదకొండు రోజుల బట్టి అదే తెల్డం లేదు."

ఆవిడ లేచి, వేరే చోటు చెప్పి ఊరి తెప్పలన్నిటినీ కళింగపట్నం వైపు వెతకడానికి పంపిన తమ్ముడి చొక్కా కాలరు పట్టుకుంది. కొట్టలేదు. నిలబెట్టింది.

"తాడు రాయికే ఉండిపోనాదా?"

"ఊ."

"అయితే ఆయన ఎక్కడికీ పోలేదు. అక్కడే ఉన్నాడు." నిస్సీ వైపు తిరిగింది. "మూతెట్టి ఇచ్చీ పాపా. ఎలిగే ఉంటాదా?"

"చార్జింగు ఉన్నంతసేపు."

ఆవిడ ఫోను తీసుకుని చీర మొలలో దోపుకుంది. నుదుటి బొట్టు మీద చెయ్యి వేసి, అది ఉందో లేదో చూసుకున్నట్టు తడుముకుని, సందులో నిలబడ్డ ఆటోని పిలిచింది. నిస్సీ గుమ్మం దాకా వచ్చింది.

"ఇప్పుడేనా అప్పా?" అన్నాడు ప్రకాష్. "గాలి తిరిగింది. సాయంకాలానికి సముద్రం..."

"ఇప్పుడే."

"తెప్పలో మన ఇద్దరమేనా?"

సన్యాసమ్మ ఆటో ఎక్కి, సీటు చివరికి జరిగింది. అటు చివర కూర్చోమని తమ్ముడికి వేలు చూపించింది. అతను కూర్చున్నాడు. ఇద్దరి మధ్యా ఇంకో మనిషి పట్టేంత చోటు ఖాళీగా ఉంది. ఆటో డ్రైవరు మరో బేరం ఎక్కించుకోవచ్చు కదా అన్నట్టు వెనక్కి తిరిగి చూశాడు. ఆవిడ ఆ చోటు మీద చెయ్యి వేసి, పోనిమ్మంది.