విడిది హాలు

తోటల నడుమ ఉన్న ఆ పాత బంగళాకి పెద్దకోడలిగా వచ్చిన నాటి నుంచీ ఆవిడకి వానంటే హడలే. ఎక్కడ కారితే అక్కడ గిన్నె పెట్టాలి. భర్త పోయాక ఇల్లు ఆవిడ మీదా, మరిది మీదా పడింది. ముందు గదులు చూడ్డానికి జనాన్ని రానిచ్చి, ఆ టికెట్ల డబ్బుతో వెనకవైపు కప్పు బాగుచేయించేవారు. వెనక బాగయ్యేసరికి ముందు కారేది.

అన్నిటికన్నా ఎక్కువ మింగేది పడమటి హాలు. ఎవరో పెద్ద అధికారి విడిది చేస్తాడని మామగారి తండ్రి ముచ్చటపడి కట్టించారు. రంగుటద్దాల కిటికీలు, చెక్క నేల, నగిషీ దూలాలు. తీరా ఆ అధికారికి బదిలీ అయింది. ఆయన రానేలేదు, హాలు మాత్రం మూడు తరాల చేత చాకిరీ చేయించుకుంది.

ఈ వానలకి దాని కప్పు ఒక మూల కుంగింది. వడ్రంగి నిచ్చెన దిగి, గుప్పెట్లో పిండిలా నలిగిన చెక్కని చూపించాడు.

"చెదలమ్మా. ఈ మూల దూలం పోయింది, మిగతావి గట్టివే. దీన్ని నిలబెట్టాలంటే మాత్రం ఈ ఏడు ఇంకెక్కడా చెయ్యి పెట్టలేం."

"ఎలాగోలా నిలబెడదాం వదినా," అన్నాడు మరిది. "తాతయ్య కట్టించింది మన చేతుల్లో పోతే నలుగురూ ఏమనుకుంటారు?"

ఆవిడ మెట్టు మీద కూలబడింది. "ఆ నలుగుర్నీ ఒక్క వానాకాలం వచ్చి గిన్నెలు పెట్టమను."

"అన్నయ్య ఉంటే ఒప్పుకునేవాడా?"

"ఒప్పుకునేవారు కాదు. ఆ కప్పు మీంచి పడే కదా మంచం పట్టారు. ఇక నావల్ల కాదు నాయనా, హాలు విప్పించేద్దాం. అంతా కావాలని పాకులాడితే ఉన్నది కూడా దక్కదు."

మరిది హాలు కిటికీలకేసి ఓసారి చూశాడు. చివరికి వడ్రంగితో, "అద్దాలు పగలకుండా తీయించు," అని చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు.

విప్పే రోజున ఏడుపొస్తుందనుకుంది ఆవిడ. వచ్చింది నిద్ర. సుత్తి దెబ్బలు వినిపిస్తూండగానే కుర్చీలో ఒరిగి, ఎన్నేళ్ళ అలసటో తీరేలా ఒళ్ళెరక్కుండా పడుకుంది.

హాలు గట్టి దూలాలు అసలు బంగళా కప్పుకెక్కాయి. మరిది నెల్లాళ్ళు ముభావంగానే తిరిగాడు. తరవాత ఒకరోజు, హాలు తీసేసి చదును చేసిన ఆ నేల చుట్టూ ఓసారి నడిచొచ్చి, ఆవిడ పక్కన కూర్చున్నాడు.

"వచ్చే ఏడు వంటింటి వైపు గోడ చూడాలి వదినా. బీటలిచ్చింది."

"చూద్దాంలే," అంది ఆవిడ కళ్ళు తెరవకుండానే.