తీసేసిన పాఠం

నాలుగున్నరకు పొయ్యి మీద టీ మరగాలి. అది ఆ ఇంటి చట్టం. అందుకే లెక్కల టీచరమ్మ నాలుగింటికి బడి గంట మోగీ మోగకముందే చెప్పుల్లో కాళ్లు పెట్టేది. మొగుడుగారు ఇంట్లోనే కూర్చుని పనిచేస్తాడు. ఆయన కుర్చీకీ పొయ్యికీ నాలుగడుగుల దూరం. అయినా టీ పెట్టడానికి ఆవిడే రావాలి. ఎప్పుడో ఒకసారి పావుగంట ఆలస్యమైతే, "బడి వదిలినా కబుర్లు వదలవు కాబోలు" అని అత్తగారు గోడతో చెప్పినట్టు చెప్పింది.

బడి వదిలాక టీచర్లంతా స్టాఫ్ రూములో పొడుగు బల్ల చుట్టూ కాసేపు కూర్చుంటారు. ఏ పిల్ల వారంగా నోరు విప్పడం లేదో, ఏ లెక్క ఏ తరగతికి కొరుకుడు పడలేదో, పైనుంచి ఏ కొత్త మార్పు వచ్చిందో అన్నీ అక్కడే తేలతాయి. "అమ్మలక్కల ముచ్చట్లు. పైగా ఆ ఫోను గ్రూపొకటి, పొద్దస్తమానం టింగుటింగుమంటూ. తీసెయ్" అన్నాడు భర్త. తీసేసింది. అక్కడితో ఆగితే నేరమంతా ఆయన మీదకు నెట్టేసి హాయిగా ఉండేది. కానీ బడి తెరిచిన వారంలో సైన్సు టీచరు గుమ్మం దాకా వచ్చి చెయ్యి పట్టుకుంది. వయసులో పెద్దావిడ, ఒంటరి మనిషి.

"పది నిమిషాలు కూర్చోమ్మా. ఈ ఏడు పాఠాలు మారాయట, చూసుకుందాం."

"మీకేం అక్కా, ఎంతసేపైనా కూర్చోగలరు. నాకు ఇల్లుంది."

ఆ మాట ఎవరూ నేర్పలేదు. సొంతంగా అంది, కాస్త గొప్పగా కూడా అంది. సైన్సు టీచరు చెయ్యి వదిలేసింది.

ఇవాళ అర్ధసంవత్సరం లెక్కల పరీక్ష. అన్ని బళ్లకూ ఒకటే ప్రశ్నపత్రం. పావుగంటకే నలభై తలలూ పైకి లేచాయి. మొదటి బెంచీ పిల్ల నిలబడింది.

"టీచర్, ఆరో ప్రశ్న మనకు చెప్పలేదు కదా?"

చెప్పలేదు. మూడు వారాలు గొంతు పోయేలా చెప్పిన పాఠాన్ని ఈ ఏడు తీసేశారు. దాని బదులు వచ్చిన పాఠం విడి కాగితాలుగా ఆమె బల్ల సొరుగులోనే ఉంది. ఆ సొరుగు తెరిచి ఎన్నాళ్లయిందో ఆమెకే తెలియదు. ఆమె తడబాటు చూసి ఆ పిల్లే సర్దుకుంది.

"ఆ రోజు నేను రాలేదేమో టీచర్" అని కూర్చుని, తెలిసిన లెక్కేదో రాయడం మొదలుపెట్టింది.

తిట్టినా బాగుండేది. తల కొట్టేసినట్టయింది. టీచరు తప్పు చేస్తుందన్న ఊహే ఆ పిల్లకు లేదు. పదేళ్లలో టీ ఒక్కసారే ఆలస్యమైందని మురిసిపోయింది తను. నలభై మంది పిల్లల్ని గాలికొదిలేసింది.

నాలుగు గంటలయ్యింది. కాళ్లు అలవాటుగా గేటు వైపు లాగాయి. వాటిని వెనక్కి తిప్పి స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడింది.

"అక్కా, పాఠం నేనే చూసుకోలేదు. ఆ రోజు మిమ్మల్ని అలా అనడమూ తప్పే."

సైన్సు టీచరు మరిచిపోయానని అబద్ధమాడలేదు. "బాధేసింది" అంది. పక్క కుర్చీలోని సంచి తీసి కింద పెట్టింది. "చేతులు కాలాయి సరే, ఆకులైనా పట్టుకుందాం రా. పెద్ద పరీక్షకు మూడు నెలలుంది. వారానికి రెండు నా పీరియడ్లు తీసుకో."

కూర్చుంది. కళ్లెత్తి ఎవర్నీ చూడలేకపోయింది. ఎవరో కొత్త పాఠం కాగితాలు ముందుకు జరిపారు. మొదటి లెక్క సగంలో ఉండగా ఫోను మోగింది. భర్త.

"ఎక్కడున్నావ్? టైమెంతయిందో చూశావా? టీ ఏదీ?"

నాలికమీద వరసగా నిలబడ్డ సంజాయిషీలన్నిటినీ మింగేసింది.

"టీపొడి పై అరలో, ఎడమ పక్కనుంది" అంది. "రేపూ అక్కడే ఉంటుంది."