దగ్గు వినే పెట్టె

చేమ్ చప్పట్లు కొట్టాడు. పదకొండో గదిలో పందులన్నీ ఒక్క ఉదుటున లేచాయి. కాళ్ళు, ముక్కు, డొక్కలు, తోక. గదికి పది క్షణాలు చాలు అతనికి. అన్నీ బాగున్నాయి. పన్నెండో గదికి కదిలాడు.

షెడ్డులో మేత గొలుసు తానే తిరుగుతుంది. వేడెక్కితే ఫ్యాన్లు వాటంతటవే వేగం పెంచుకుంటాయి. పందులు ఎన్ని నీళ్ళు తాగాయో గోడమీది మీటరు చెబుతుంది. చేమ్‌కు మిగిలింది నడవడం, చూడటం. పొట్టి మనిషి. అరవై రెండేళ్ళు. మేత బస్తాలు మోసీ మోసీ కుడిభుజం కిందికి వాలిపోయింది.

నడవా చివర అతని స్టూలుకు సరిగ్గా పైన మూడు వారాల కిందట ఒక కొత్త పెట్టె వేలాడదీశారు. పందుల దగ్గును వినే పెట్టె. పచ్చదీపం వెలిగితే క్షేమం. ఎర్రదీపం వెలిగితే జబ్బు.

ఆ ఉదయం ఏడింటి నుంచీ ఎరుపే.

"రెండింటికి డాక్టరమ్మ వస్తోంది మావా!" కంట్రోల్ గది కిటికీ తెరిచి సూపర్‌వైజర్ శ్రీనువన్ అరిచింది. "అప్పటికీ ఎర్రగానే ఉంటే షెడ్డు మొత్తం ఖాళీ చేయిస్తారట."

చేమ్ నడవా పొడుగునా చూశాడు. ఆరు వందల నలభై పందులు. నాలుగేళ్ళ కిందట పందులకు జ్వరం వచ్చినప్పుడు అన్నిటినీ పూడ్చే గొయ్యి తవ్వింది యంత్రం. అంచున నిలబడి సున్నం చల్లింది తను.

"నా పందులు దగ్గట్లేదే!"

"నీ చెవులు ముసలివి మావా. దాని చెవులకి మూడు వారాలే."

చేమ్ పరుగులాంటి నడకతో మీటరు దగ్గరికి వెళ్ళాడు. నీళ్ళు తగ్గలేదు. మేత తగ్గలేదు. గది తరవాత గదిలోకి దిగి, మోకాళ్ళమీద కూర్చుని, ఒక్కోదాని డొక్కకు చెవి ఆనించాడు. ఊపిరి శుభ్రంగా ఆడుతోంది. తలెత్తి చూశాడు. ఎరుపు!

పదిన్నరకు బయట రేకుల పంచలో అన్నం పొట్లం విప్పాడు. జిగురన్నం, ఎండుచేప, మిరపకాయల పచ్చడి. పొట్లం సగమైందో లేదో శ్రీనువన్ చేతులూపుతూ పరుగెత్తుకొచ్చింది.

"మావా! పచ్చ! పచ్చ వెలిగింది!"

పొట్లం అక్కడే వదిలేసి దూసుకెళ్ళాడు. స్టూలు దగ్గర నిలబడి, రొప్పుతూ, దగ్గుతూ, పైకి చూశాడు. నిజంగానే పచ్చ. చూస్తూ ఉండగానే ఎర్రబడింది.

"ఛీ, పాడు పెట్టె!"

శ్రీనువన్ కంట్రోల్ గదిలోకెళ్ళి, పెట్టె లెక్కలు చూపే తెరమీది గీతను చూసింది. చేమ్‌ను చూసింది. మళ్ళీ గీతను చూసింది.

"మావా, బయటికి నడు."

"ఎందుకే?"

"నడవమంటున్నానా!"

బయట పావుగంట. పచ్చ. లోపల అయిదు నిమిషాలు. ఎరుపు. మళ్ళీ బయటికి, మళ్ళీ లోపలికి. అంతే!

"ఇప్పుడు పెట్టె కింద నిలబడి దగ్గు."

దగ్గాడు. తెరమీది అంకె ఒకటి పెరిగింది. మళ్ళీ దగ్గాడు. మరొకటి పెరిగింది.

"దొరికాడు దొంగ!" శ్రీనువన్ కిటికీ పట్టుకుని విరగబడి నవ్వింది. "షెడ్డులో ఒకే ఒక్క పంది దగ్గుతోంది. దానికి రెండే కాళ్ళు!"

చేమ్ నడవాలోనే చతికిలబడ్డాడు. నవ్వు, దగ్గు, కన్నీళ్ళు కలిసిపోయాయి. పక్క గది కమ్మీల్లోంచి ఓ పంది అతని చెవి వాసన చూసింది. "బతికార్రా! అందరూ బతికిపోయార్రా!" అన్నాడు దానితో.

రెండింటికి డాక్టర్ వరాంగ్ వచ్చింది. సంగతి విని తనూ నవ్వింది. పెట్టె రికార్డు చేసిన చప్పుళ్ళు వినిపించమంది. మొదటి దగ్గుకు నవ్వుతూనే ఉంది. మూడోదానికి ఆపేసింది.

"ఎన్నాళ్ళుగా?"

చేమ్ శ్రీనువన్ వైపు చూశాడు. "వానలకు ముందునుంచా అమ్మాయ్?"

"ఏ వానలు? నిరుటివా?" ఆమె తడబడింది. "తెలీదు డాక్టరమ్మా. మావ దగ్గుతాడు. ఎప్పుడూ దగ్గుతూనే ఉంటాడు. ఇవాళ మరీ ఎక్కువైందేమో."

డాక్టర్ స్టెతస్కోపు అతని వీపుకు ఆనించింది. చాలాసేపు తియ్యలేదు.

"నేను పందుల డాక్టర్ని బాబాయ్. నేనేమీ చెప్పకూడదు. కానీ ఇవాళే రాచబురి ఆసుపత్రికి. నా బండిలోనే."

"ఇవాళా? పనుందమ్మా..."

"ఇవాళే."

గేటు దాకా వెళ్ళి చేమ్ వెనక్కి తిరిగాడు. "పద్నాలుగో గదిలో ఒకటి కుంటుతోంది అమ్మాయ్. వీపుమీద గుర్తు పెట్టాను. ఎల్లుండొచ్చి చూస్తాలే."

పదో రోజు ఉదయం ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది, చేమ్ తెల్లవారుజామున పోయాడని. శ్రీనువన్ విని, "సరే," అని పెట్టేసింది. షెడ్డులోకి వెళ్ళి, మొదటి గది ముందు నిలబడి, చప్పట్లు కొట్టింది. దీపం పచ్చగా ఉంది. పద్నాలుగో గదిలో కుంటిపంది నాలుగు కాళ్ళమీదా సమంగా నిలబడింది. దాని వీపుమీది నీలం గీత దాదాపు చెరిగిపోయింది. గది కమ్మీమీద, చేమ్ గుర్తులు పెట్టే నీలం మైనపు కడ్డీ ఉంది, ఒక వైపు ఏటవాలుగా అరిగి, రెండో వైపు పంది పళ్ళ గాట్లతో.