ఎవరూ ముట్టని బస్తా

కారు నీడలో కూలీలు కూర్చున్నారని కారునే తీసుకుపోయి అవతల పెట్టించిన మనిషిని నేను కళ్లారా చూశాను. ఫకీర్ చెప్పేదాంట్లో సగం కోతలేనని మా నల్లబండ ఊళ్లో నాకు పేరుంది. ఇది రెండో సగంలోది.

అప్పుడు రోహిణి కార్తె. రోళ్లు పగిలే కార్తె అంటారు కదా, మా ఊళ్లో రోకళ్లు కూడా దాహమని ఏడ్చాయి. కోళ్లు ఉడికిన గుడ్లే పెట్టాయి, ఒలుచుకొని ఉప్పు అద్దుకొని తిన్నాం. కృష్ణలో మొసళ్లు గట్టెక్కి ధరూర్ పోయే ఆటోలకు చెయ్యెత్తాయి. నవ్వండి బిడ్డా, తర్వాత నవ్వే తావు తక్కువ.

ఊరి బయట పరుపుబండ మీద వడ్లు కొనే కేంద్రం పెట్టారు. చెట్టు లేదు, పందిరి లేదు. బండ మీద నీళ్లు చల్లితే చుయ్యిమని లేచిపోతాయి. రైతులు పోసుకున్న రాశుల మీద మాత్రం సర్కారిచ్చిన టార్పాలిన్ పరదాలు కప్పారు. వడ్లకు పరదా, హమాలీకి తలగుడ్డ. నా మోకాళ్లు బస్తా మోయడం మానేసి చాలా కాలమైంది కాబట్టి నేను దబ్బనంతో బస్తాల మూతులు కుట్టేవాణ్ని. కూర్చున్న చోటి నుంచి అంతా కనిపిస్తుంది.

హమాలీ కాంట్రాక్టు ప్రశాంత్‌ది. పడుచువాడు. తెల్లకారులో చల్లగాలి పెట్టుకొని కూర్చుంటాడు. మాట్లాడాలంటే అద్దం వేలెడంత దించుతాడు, ఎక్కువ దించితే చల్లదనం మనకెక్కడ అంటుకుంటుందోనని. ఆ మధ్యాహ్నం హమాలీలు సద్దిగిన్నెలు తెచ్చుకొని కారు పక్కనున్న గజమంత నీడలో కూర్చున్నారు. అద్దం దిగింది.

"ఏంది, బండికి ఆనుకున్నరు? గీతలు వడ్తయి. లేవుండ్రి!"

"బండికి ఆనలే సారూ, నీడకు ఆనినం," అన్నాడు ఏసురత్నం. గుంపులో అందరికంటే దిట్టమైనవాడు. ఆదివారం ప్రార్థనలో వాడు పాటెత్తితే మైకు దండగ.

ప్రశాంత్ డ్రైవర్ భుజం తట్టాడు. కారు వెనక్కు జరిగింది. వాళ్ల ఒళ్లోంచి, అన్నం గిన్నెల్లోంచి నీడ లేచిపోయింది. ఏసురత్నం భార్య సారమ్మ, ఒలికిన వడ్లు ఊడ్చి బస్తాల్లోకి ఎత్తే మనిషి, ముద్ద నోటి దగ్గరే ఆపి ఆ కారు వంక చూసింది. అందరూ తిన్నామనిపించి లేచారు.

"ఈ లారీ ఇయ్యాల పోవాలె," అని అద్దం సందులోంచి మళ్లీ కేక.

డ్రమ్ములో నీళ్లు అడుగంటాయి. ఉన్న గుక్కెడూ చాయ్‌పత్తి వేస్తే చాయ్ అయ్యేటంత వేడి. ఏసురత్నం బస్తా ఎత్తుకొని లారీకి ఆనించిన పలక ఎక్కుతున్నాడు. సగం ఎక్కి ఆగాడు. చెమట పట్టడం ఆగిపోయింది, ఒళ్లు ఎండిన తోలులా ఉంది. "సారా..." అన్నాడు. బస్తా ఒక దిక్కు, వాడొక దిక్కు పడ్డారు.

ఇక్కడ మా హమాలీల కట్టుబాటు ఒకటి చెప్పాలి. పడ్డ బస్తాను పడేసినవాడే లేచి, నీళ్లు తాగి, మళ్లీ మొదటి చెయ్యి వేయాలి. అంతవరకూ దాన్ని ఎవరూ ముట్టరు, దాన్ని దాటి ఇంకో బస్తా ఎక్కించరు. పడ్డవాడికి ఊపిరి తీసుకునే సందు దొరకాలని మా పెద్దలు చేసుకున్న ఉపాయం. దొరలకు అది మూఢనమ్మకంగా కనబడేది. కనబడనిచ్చాం.

లారీ డ్రైవర్ ఉవైస్ ఉరికొచ్చి ఏసురత్నాన్ని క్యాబిన్‌లోకి ఎత్తించాడు.

"లోడు నిండకుండ బండి కదలొద్దు!" అన్నాడు ప్రశాంత్.

"నీ లోడు నీ నెత్తిన వెట్టుకో," అని ఉవైస్ గేరు వేశాడు. 

దవాఖానకు పోవాలంటే గద్వాల పోవాలి. సారమ్మ కొంగు తడిపి మొహం తుడుస్తూనే ఉంది. గద్వాల పొలిమేర రాకముందే తుడవడం ఆపింది.

మట్టి ఇచ్చిన మరునాడు కేంద్రం దగ్గర అందరం చేరాం. పలక కింద ఆ బస్తా అట్లాగే ఉంది. ప్రశాంత్ ఈసారి కారు దిగాడు, కళ్లకున్న నల్లద్దాలు మాత్రం తీయలేదు.

"తాగొచ్చి పడ్డడు. దానికి నేనేం జేస్త?"

సారమ్మ ముందుకు వచ్చింది. "తాగితె బతికెటోడు సారూ. నీ డ్రమ్ముల నీళ్లుంటే తాగెటోడే. ఆయన నోట్లె కల్లు చుక్క చూసినోడు ఈ ఊళ్లె ఎవడన్న ఉంటె ముందటికి రమ్మను."

ఎవడూ రాలేదు. ప్రశాంత్ రైతుల వైపు తిరిగాడు. కాంట్రాక్టర్ బుర్ర కదా, చీలిక ఎక్కడుందో దానికి తెలుసు. "చూడుండ్రి, వీళ్లు సాకులు చెప్తుండ్రు. గాలివాన వచ్చిందంటె మీ వడ్లు మొలకలొస్తయి. అప్పుడు నన్ను అడుగొద్దు."

అంతే, రైతులు మా మీద లేచారు. "సచ్చినోడు సచ్చె, మా వడ్లేం పాపం జేసినయి?" అని ఒకరు. "ఇన్నొద్దులు కావలి గాసినం, ఇంకెన్నాళ్లు?" అని ఇంకొకరు. ఈదమ్మ అయితే కొంగు బిగించింది. ఒంటరి ముసలమ్మ, ఎకరం మడి ఆమెది. రాశి పక్కనే వండుకొని, రాశి పక్కనే పడుకుంటోంది.

"ఓ సారమ్మా, నీ కష్టం నాకు తెల్వదా? గాని బస్తా మీద అలిగితె నా వడ్లు ఎవడెత్తాలె?"

"అలుగుడు గాదత్తా," అంది సారమ్మ. "పొద్దెక్కినంక చల్లవడెదాంక పని బంద్ జెయ్యాలె. నీడకు పందిరెయ్యాలె. తాగ నీళ్లు వెట్టాలె. గవి అయ్యెదాంక నా పెనిమిటి బస్తా ఎవ్వరు ముట్టొద్దు. నా కొడుకు మోసెటప్పుడన్న నీడ ఉండాలె."

"ఇది యాడి కానూను?" అని ప్రశాంత్ నవ్వాడు.

ఉవైస్ అందుకున్నాడు. "కువైట్ల బండి నడిపిన సారూ. ఎడారి. గాడ ఎండకాలం నడిపగలు బయట పనిచేపిస్తె మాలికు జుర్మానా కట్టాలె. మన మీద మొహబ్బత్ ఉండి గాదు, సస్తే పని ఆగుతదని. నువ్వు గా లెక్కకు గూడ రాకపోతివి."

"అయితే ఎడారోడే నయమా?" అన్నారు ఎవరో.

నేను ఊరుకోలేకపోయాను. "ఎడారోడు గాదు, ఎడారిల ఒంటె నయం. రాజస్థాన్ల కాలువ తవ్వనీకి పోయినప్పుడు మిట్టమధ్యాన్నం ఒంటెను లేపవోయిన. అది లేవలే. నా మొహాన ఉమ్మింది. గా ఉమ్మితోటి గుంపుకంత స్నానాలైనయి. ఒంటెకున్న పౌరుషం మనకు లేదా అని అడుగుతున్న."

నవ్వు పుట్టింది. హమాలీలూ నవ్వారు, రైతులూ నవ్వారు. కలిసి నవ్విన మనుషులను మళ్లీ విడదీయడం జర కష్టం. ఉన్న కొద్దిపాటి సందునూ ప్రశాంత్ తనే చెడగొట్టుకున్నాడు. "మీరు ఎత్తకుంటె ఆగుతదా?" అని చొక్కా చేతులు మడిచి ఆ బస్తా మీదకు వంగాడు. బస్తా చెవులు పట్టి గుంజాడు. బస్తా కదల్లేదు. కాలు జారి, కాలిన బండ మీద అరచేతులు ఆనించి, "అమ్మా!" అని ఎగిరి లేచాడు. 

"కాలిందా బిడ్డా?" అంది ఈదమ్మ. వెక్కిరింత కాదు, నిజంగానే అడిగింది. అడిగి, తన కాళ్ల వైపు చూసుకుంది, సారమ్మ కాళ్ల వైపు చూసింది. ఇద్దరికీ చెప్పుల్లేవు. ఏమనుకుందో ఏమో, నేరుగా తన రాశి దగ్గరకు పోయి, అంచున పెట్టిన రాళ్లు కాలితో తన్ని, పరదా లాగేసింది.

"ఏం జేస్తుండవే ముసలీ? మబ్బు పడితే?" అని రైతులు అరిచారు.

"వడ్లు తడిస్తె మల్ల ఎండవోస్త. మనిషి ఎండిపోతె యాడికెల్లి తడిపి తెస్త? పట్టుండ్రి గా కొస!"

తర్వాత ఒకరు చెప్పింది లేదు, ఒకరు విన్నది లేదు. రాశుల మీది పరదాలు ఒక్కొక్కటే లేచాయి. ఉవైస్ లారీ తాళ్లు విప్పాడు. బొంగులు నిలబెట్టాం. నా దబ్బనానికి అంత గొప్ప పని ఎప్పుడూ దొరకలేదు, పరదాకు పరదా కలిపి కుట్టాను. ఆ బస్తా చుట్టూ పెద్ద నీడ పడింది. రైతులు, హమాలీలు, సగం తిన్న సద్దిగిన్నెలు, అన్నీ ఆ కిందికే వచ్చాయి.

ప్రశాంత్ ఫోన్ కొట్టాక పోలీసు జీపు రావడానికి ఎక్కువసేపు పట్టలేదు. దవాఖానకు పోవాలని ఫోన్ చేస్తే రాని బండ్లు మనుషులను పట్టుకోవడానికి భలే వస్తాయి.

"పరదాలు సర్కారువి. దొంగతనం కేసైతది," అన్నాడు ఎస్సై.

"దొంగతనమైతె ఎత్కపోవాలె సారూ. గీడనే ఉన్నయి గద," అంది సారమ్మ.

ఆమెను జీపెక్కించారు. కానిస్టేబుళ్లు బొంగులు పీకసాగారు. ఒక బొంగు పడింది, పరదా కుంగింది, ఆ చోట ఒక చెయ్యి లేచింది. ఇంకో బొంగు పడింది, ఇంకో రెండు చేతులు లేచాయి. చివరకు బొంగులన్నీ నేల మీద, పరదా మాత్రం ఆకాశంలోనే ఉంది. జీపు ధరూర్ ఠాణాకు కదిలింది. దాని వెనుక నీడ కదిలింది.

తారు కరిగి చెప్పులు పీక్కుంటోంది. చెప్పుల్లేనివాళ్లు చెప్పులున్నవాళ్ల కాళ్ల మీద కాళ్లేసి నడిచారంటే నమ్మండి. గద్వాల నుంచి వస్తున్న షేరాటోల్లోంచి కాలేజీ పిల్లలు దిగి, ఏందని అడిగి, పుస్తకాలు చంకన పెట్టుకొని పరదా అంచు పట్టుకున్నారు. కాపలాగా నడిచిన పడుచు కానిస్టేబుల్ మొహం మిరపపండై పోయింది.

"తల లోపలికి వెట్టు బిడ్డా," అన్నాను. "సర్కారు పరదనే గద, నీకూ వాటా ఉంటది."

అటూ ఇటూ చూసి, పెట్టాడు.

మేం చేరేసరికి ఎస్సై ఠాణా గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. గేటుకు ఒక రెక్క మాత్రమే తెరిచి ఉంది. గేటు లోపల సారమ్మ, బయట మేము. "ఇంతమంది ఎందుకు? మీ దాంట్ల పెద్దమనిషి ఎవరో ఒక్కరు లోపలికి వచ్చి మాట్లాడుండ్రి. మిగిలినోళ్లు ఇండ్లకు పోండ్రి," అన్నాడు ఎస్సై.

నన్ను చూశారు కొందరు, గడ్డం తెల్లగా ఉంది కదా అని. నేను పైకి చూశాను, చెయ్యి ఖాళీ లేదు.

ఈదమ్మ అంది: "ఒక్కరు చెయ్యి తీస్తె పరద కుంగుతది సారూ. మాట్లాడితె అందరం మాట్లాడ్తం. వస్తె అందరం వస్తం."

లోపలి నుంచి సారమ్మ గొంతు వినిపించింది. "నేను ఒక్కదాన్నే బయటికి రాను. బస్తా మాట తేలినంకనే వస్త."

ముందువరస అడుగు వేసింది. గేటు ఇరుకు, పరదా వెడల్పు. ఆ పడుచు కానిస్టేబుల్ ఎస్సై మొహం చూశాడు, మా చేతుల వంక చూశాడు, వెళ్లి రెండో రెక్క గొళ్లెం తీశాడు.