ఆగస్టులో రెక్కల్లేని కిటికీ

మా నాలుగంతస్తుల ఇంటి కిటికీలకు మొత్తం ఇరవై రెండు చెక్క రెక్కలు. జూలై చివరి సోమవారం వడ్రంగి ఎర్మినియో వాటన్నిటినీ ఊడదీసి, రంగు వేస్తానని బండికెక్కించుకుపోయాడు. మూడు రోజుల్లో బిగిస్తానన్నాడు. శుక్రవారం కొట్టు తలుపు మీద కాగితం అంటించి కొండల్లోకి విహారానికి పోయాడు. సెప్టెంబరు దాకా సెలవట. ఆగస్టు వస్తే మా జెనోవా తీరంలో ఎవడూ సుత్తి పట్టడని పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదాన్ని. అయినా ఈ ఇంట్లో వాటాలున్న వాళ్లందరి సమావేశంలో, ఎండలో రంగు బాగా ఆరుతుందని చెయ్యెత్తిన వాళ్లలో నేనూ ఉన్నాను. అందుకే ఎవరిని తిట్టినా సగం తిట్టు నాకే తగులుతోంది.

మా కిటికీలకు తెరలుండవు, రెక్కలే. పొద్దున్నే మూసేస్తే వాటి అడ్డపలకల సందుల్లోంచి సముద్రపు గాలి వస్తుంది, ఎండ మాత్రం గీతలు గీతలుగా తప్ప రాదు. రెక్క కింది సగంలో విడిగా తెరుచుకునే చిన్న చట్రాన్ని కాస్త బయటికి తోస్తే వీధిలో ఎవరు ఎవరితో పోతున్నారో మనం చూడొచ్చు, మనల్ని ఎవరూ చూడలేరు.

మా అమ్మకు తొంభై ఒకటి. కళ్లకు వెలుగూ చీకటీ తప్ప ఏమీ ఆనవు. ఆ ఎండ గీతలే ఆమెకు గడియారం. గోడ మీదుంటే కాఫీ వేళ. మంచం మీద తన మోకాళ్ల దాకా దిగితే పన్నెండు, భోజనం. రెక్కలు పోయాక గదంతా ఒకటే తెలుపు. దుప్పటి కడితే గాలాగిపోయి ఆమెకు ఊపిరాడలేదు. తీసేస్తే గోడవైపు తిరిగి పడుకుంది. తినమంటే ఒకసారి "ఇంకా తెల్లారలేదుగా" అంటుంది, ఇంకోసారి "ఇందాకేగా తిన్నాను" అంటుంది. బతిమాలి రెండు చెంచాలు పెట్టడమే గగనమైంది. పన్నెండు రోజుల్లో చెయ్యి చిక్కిపోయి పెళ్లి ఉంగరం జారిపోతోంది. నాకు భయమేసింది.

ఎర్మినియోకు ఫోన్ చేశాను.

"అక్కడ చల్లగా ఉందా నాయనా?"

"స్వెట్టరేసుకున్నా అక్కా," అన్నాడు సిగ్గు లేకుండా. "రంగు అయిపోయింది, బిగించడమే మిగిలింది. కొట్టు తాళం తుల్లియో దగ్గరుంది. మీవి మీరు తెచ్చుకోండి, ప్రతి రెక్క మీదా కిటికీ నంబరు రాశాను."

వీధి చివర బార్ నడిపే తుల్లియోను వెంటబెట్టుకుని వెళ్లాను. ఇరవై రెండు రెక్కలూ గోడకు ఆనించి ఉన్నాయి, అన్నీ ఒకే ఆకుపచ్చ. నంబర్లు లేవు. ఆ మహానుభావుడు నంబర్ల మీద కూడా రెండు పూతలు వేశాడు.

"ఏదో ఒక జత పట్టుకుపోదాం," అన్నాడు తుల్లియో.

"మూడొందల ఏళ్ల ఇల్లయ్యా అది. ఏ రెండు కిటికీలైనా ఒక్కలా ఉంటే నేనిక్కడెందుకు ఏడుస్తాను?"

అయినా కంటికి సరిపోయేలా ఉన్న జతను మూడో అంతస్తులోని మా వాటాకు మోశాం. అమ్మ గది కిటికీకి పెట్టి చూస్తే వేలెడు పొట్టి. మెట్ల మీద కూలబడి ఎర్మినియోను వాడి తాతల దాకా తిట్టాను.

"ఏమిటే ఆ తిట్లు?" అంది అమ్మ లోపలి నుంచి.

చెప్పాను.

"ఎడమ రెక్కకి కింద నుంచి మూడో పలక మీ నాన్న వేసింది. ఆలివ్ చెక్క. మిగతావాటికన్నా మందం. చూస్తే ఏం దొరుకుతుందే, తడమాలి గానీ."

మళ్లీ వెళ్లి వరసగా తడిమాను. తొమ్మిదో రెక్క దగ్గర నా వేలు ఆగింది. కుడి రెక్కకు మాత్రం ఏ గుర్తూ లేదు. రెండుసార్లు వెతికి విసిగి వదిలేశాను.

ఆ ఒక్కదాన్నే బిగించాం. తుల్లియో కిటికీలోంచి సగం బయటికి వంగి రెక్కను కొక్కాల్లోకి దించుతుంటే నేను అతని బెల్టు పట్టుకున్నాను. కుడి సగానికి దుప్పటి పెట్టి మేకులు కొట్టాను. ఇంత తిరిగితే సగం కిటికీ. ఒళ్లు మండిపోయి సుత్తి నేల మీద పడేశాను.

అమ్మ ఇటు తిరిగింది. పక్క మీద పడిన గీతల మీద అరచెయ్యి పెట్టి, ఒక వేడి గీత, ఒక చల్లని గీత, మెల్లగా తన మోకాలి దాకా పాకించింది.

"పన్నెండు దాటింది కదే. సూప్ ఏదీ?"

ఇన్ని రోజుల్లో ఆమె అడగడం ఇదే మొదలు. పొద్దుటి నుంచీ రెక్కల వెంట తిరుగుతూ నేను పొయ్యే వెలిగించలేదు.